సగం రన్‌వే గాల్లోనే అయిపోతే

2020 ఆగస్టు 7 రాత్రి కేరళలోని కోజికోడ్ విమానాశ్రయంలో దిగిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే చివరిదాకా దూసుకెళ్లింది. అక్కడా ఆగలేదు. గుట్ట అంచు దాటి దాదాపు 110 అడుగుల కిందికి పడి మూడు ముక్కలైంది. కోవిడ్ రోజుల్లో గల్ఫ్‌లో చిక్కుకుపోయిన వాళ్లను దుబాయ్ నుంచి తీసుకొస్తున్న వందే భారత్ మిషన్ సర్వీసు అది. విమానంలో 190 మంది ఉన్నారు. ఇద్దరు పైలట్లు, 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మర్నాడు వార్తల్లో ఎక్కడ చూసినా రెండే కారణాలు: కుండపోత వాన, గుట్ట మీద వేసిన టేబుల్‌టాప్ రన్‌వే.

రెండూ నిజమే. కానీ అదే రన్‌వే మీద ఏటా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలోనే విమానాలు దిగుతుంటాయి, ఆగుతుంటాయి. వానను, గుట్టను నిందించి ఊరుకుంటే ఆ ఒక్క విమానం ఎందుకు ఆగలేదో తెలియదు. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ 2021లో విడుదల చేసిన నివేదికలోని నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం చాలావరకు బయటపడుతుంది.

రన్‌వే పొడవు 8,858 అడుగులు, అంటే 2,700 మీటర్లు. విమానం చక్రాలు నేలను తాకింది 4,438 అడుగుల దగ్గర. తాకినప్పుడు నేల మీద దాని వేగం 165 నాట్లు, అంటే గంటకు సుమారు 305 కిలోమీటర్లు. రన్‌వే చివర దాటినప్పుడు 84.5 నాట్లు, గంటకు 156 కిలోమీటర్లు.

ఇప్పుడు చిన్న లెక్క. చక్రాలు తాకిన చోటు నుంచి చివరకు మిగిలింది 1,347 మీటర్లు. ఆ దూరంలో వేగం 305 నుంచి 156కి తగ్గింది. అదే తీరున తగ్గుతూ పోతే పూర్తిగా ఆగడానికి ఇంకో 480 మీటర్లు కావాలి. అంటే ఇదే విమానం, ఇదే వానలో, ఇదే వేగంతో 480 మీటర్లు ముందు నేలను తాకి ఉంటే దాదాపు రన్‌వే చివరికల్లా ఆగేది. ఆ వేగంలో 480 మీటర్లంటే ఆరు సెకన్లు కూడా కాదు. బ్రేకుల పట్టు రన్‌వే పొడవునా ఒకేలా ఉండదు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా అసలు సంగతి దీంట్లోనే ఉంది. వానలో రన్‌వే దాటిపోయే ప్రమాదాల్లో చాలావాటికి బీజం పడేది నేల మీద కాదు, గాల్లో ఉన్న చివరి నిమిషంలో. బ్రేకు తొక్కే వేళకే వ్యవహారం సగం తేలిపోయి ఉంటుంది.

2,700 మీటర్లు పొట్టి రన్‌వేనా? శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. దాని పక్కన పెడితే పొట్టిదే. ఆ రాత్రి దిగిన బోయింగ్ 737కు మాత్రం అది చాలినంత రన్‌వే. ఆ సైజు విమానాలు రోజూ రెండు వేల మీటర్ల రన్‌వేల మీద కూడా దిగుతుంటాయి. అందుకే రన్‌వే పొడవెంత అని అడగడం కన్నా చక్రాలు తాకాక ఎంత మిగిలింది అని అడగడం మేలు.

మీటర్లు ఎక్కడ ఖర్చవుతాయి

రన్‌వే అంచును విమానం 50 అడుగుల ఎత్తులో దాటాలి. మూడు డిగ్రీల వాలులో దిగుతూ వచ్చి, అంచు నుంచి మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో ఉన్న గుర్తు దగ్గర, లేదా కాస్త అటూ ఇటూగా నేలను తాకాలి. మొదటి మూడో వంతు, లేదా మొదటి 3,000 అడుగులు, ఏది తక్కువైతే అంతలోపు చక్రాలు తాకాలన్నది సాధారణ నియమం. అంతలోపు తాకకపోతే మళ్లీ పైకి లేవాలి. దీన్నే గో-అరౌండ్ అంటారు.

నియమం ఇంత సూటిగా ఉన్నా మీటర్లు పోయేది చిల్లరగానే. అంచును 50 బదులు 60 అడుగుల ఎత్తులో దాటితే ఆ పది అడుగులకే 58 మీటర్లు పోయినట్టు. చక్రాలు తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తి దిగే వేగం తగ్గిస్తారు. అక్కడ ఒక్క సెకను ఎక్కువ తేలితే 70, 80 మీటర్లు. మెత్తగా దించాలన్న తాపత్రయంతో ఇంజిన్ పవర్ కొంచెం ఉంచేస్తే రెండు మూడు సెకన్లు ఇట్టే గడిచిపోతాయి.

అన్నట్టు, మెత్తని ల్యాండింగ్‌కు ప్రయాణికులు చప్పట్లు కొట్టడం మనకు అలవాటే. కానీ తడి రన్‌వే మీద కోరుకోవాల్సింది అది కాదు. చక్రాలు కాస్త గట్టిగా తాకితేనే నీటి పొర చీలుతుంది, టైరు నేలను పట్టుకుంటుంది, సెన్సర్లకు విమానం నేల మీదికి వచ్చిందని తెలుస్తుంది. వానలో నడుము అదిరేలా దిగిన పైలట్‌ను తిట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

విమానం బయల్దేరే ముందే లెక్కలో కొంత మిగులు పెడతారు. జెట్ విమానం ఎండ రన్‌వే మీద ఉన్న పొడవులో 60 శాతంలోపే ఆగగలగాలి. రన్‌వే తడిగా ఉండే అవకాశం ఉంటే దానిమీద ఇంకో 15 శాతం పొడవు ఉండాలి. ఈ మిగులు మీద నమ్మకంతోనే చిన్న చిన్న తప్పులు రోజూ చెల్లిపోతుంటాయి. కొంచెం ఎత్తులో వచ్చినా, కొంచెం వేగంగా వచ్చినా, ఎండ రోజున విమానం ఆగిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. వాన ఆ మిగులును తినేస్తుంది. అప్పుడు నిన్నటిదాకా చెల్లిన తప్పే ఇవాళ చెల్లదు.

వెనక నుంచి వచ్చే గాలి

విమానాలు ఎదురుగాలిలోకి దిగుతాయి. రెక్కలకు కావలసింది గాలితో పోల్చిన వేగం, బ్రేకులు అణచాల్సింది నేలతో పోల్చిన వేగం. ఎదురుగాలి ఉంటే రెండోది తగ్గుతుంది. వెనకగాలి ఉంటే పెరుగుతుంది. పైగా ఆపాల్సిన శక్తి వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి చిన్న గాలి కూడా పెద్ద తేడా తెస్తుంది. 140 నాట్లతో దిగే విమానానికి పది నాట్ల వెనకగాలి తోడైతే బ్రేకులు అణచాల్సిన శక్తి 15 శాతం పెరుగుతుంది. దీనికి తోడు, వెనకగాలి ఉన్నప్పుడు విమానం నేలకు దిగడానికి మొరాయిస్తుంది, రన్‌వే మీద తేలుతూ పోతుంది.

కోజికోడ్‌లో నేలను తాకేటప్పుడు వెనకగాలి 14 నాట్లు. అదే గాలి ఎదురుగా ఉంటే విమానం నేల మీద వేగం 165 కాక 137 నాట్లు ఉండేది. ఈ రెండిటి మధ్య శక్తిలో తేడా 45 శాతం.

మరి వెనకగాలిలో దిగడం దేనికి? ఆ రాత్రి జరిగిన క్రమం చూస్తే ఎవరో ఒకరు చేసిన పిచ్చి పనిలా కనిపించదు, అదే భయం కలిగించే విషయం. కోజికోడ్ రన్‌వేకు ఒకవైపు పేరు 28, రెండోవైపు 10. మొదట 28 వైపు నుంచి దిగడానికి ప్రయత్నించారు. వాన జోరుగా ఉంది. విమానం నడుపుతున్న కెప్టెన్ వైపు వైపర్ కాసేపు పనిచేసి ఆగిపోయింది. నిర్ణయం తీసుకోవాల్సిన ఎత్తుకు వచ్చినా రన్‌వే కనబడకపోవడంతో నియమం ప్రకారం పైకి లేచారు. అక్కడిదాకా సరిగ్గానే జరిగింది. ఈలోగా బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న మరో విమానం 10 వైపు నుంచి టేకాఫ్ కోరింది, వాడే రన్‌వే మారింది. ఎక్స్‌ప్రెస్ విమానం కూడా 10 వైపు నుంచి దిగడానికి ఒప్పుకుంది. గాలి దిశ ప్రకారం చూస్తే అది వెనకగాలి వైపు.

ఆ మార్పుకు పైలట్లకు దొరికింది కొద్ది నిమిషాలే. తడి రన్‌వే, వెనకగాలి, ఈ బరువుకు ఎంత దూరం కావాలి అన్న లెక్క మళ్లీ వేసుకోవాల్సిన సమయం అది. ఆ లెక్క వేసుకోలేదని దర్యాప్తు తేల్చింది. వేరే విమానాశ్రయానికి మళ్లడానికి సరిపడా ఇంధనం ట్యాంకుల్లో ఉంది.

ఉరుములతో కూడిన వానలో ఇంకో చిక్కు ఉంది. గాలి దిశ నిమిషాల్లో తిరగబడుతుంది. 2005 ఆగస్టు 2న టొరంటోలో ఎయిర్ ఫ్రాన్స్ ఎ340 దిగుతుండగా అదే జరిగింది. 9,000 అడుగుల రన్‌వే మీద విమానం 3,800 అడుగుల దగ్గర నేలను తాకింది, చివర దాటి వాగు గట్టు కిందికి పోయి తగలబడింది. 309 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. దిగడం ఎంత ప్రమాదమో, పైకి లేచి మబ్బుల్లోకి వెళ్లడమూ అంతే ప్రమాదమని తోచే క్షణాలు అవి. దిగేద్దాం అని మనసు ఒకసారి స్థిరపడ్డాక మళ్లీ పైకి లేవడమన్న దారి ఆలోచనలోంచే జారిపోతుంది.

నీటి మీద టైరు

రన్‌వే మీద నీరు మూడు మిల్లీమీటర్లు దాటితే దాన్ని తడి అనరు, నిలిచిన నీరు అంటారు. ఈ తేడా మాటల్లోది కాదు, బ్రేకుల పట్టు అక్కడ ఒక్కసారిగా పడిపోతుంది. వేగం ఒక హద్దు దాటితే టైరు కింది నీరు పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. టైరు నీటి పొర మీదికి ఎక్కి జారుతుంది. వానలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద బైకు హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోయినట్టు అనిపించేది ఇదే. ఈ హద్దు టైరులోని గాలి ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. 200 పీఎస్ఐ ఒత్తిడి ఉన్న టైరు గంటకు సుమారు 235 కిలోమీటర్లు దాటితే తేలగలదు. జెట్‌లు నేలను తాకేది చాలాసార్లు ఆ వేగానికి పైనే.

నీటి పొర పల్చగా ఉన్నా జారే చోటు ఒకటుంది. విమానాలు రోజూ నేలను తాకే ప్రాంతంలో టైర్ల రబ్బరు కరిగి నల్లగా అతుక్కుంటుంది. తడిసినప్పుడు అది గాజులా ఉంటుంది. రన్‌వేను రెండు వైపుల నుంచీ వాడతారు కాబట్టి ఈ నల్ల పూత రెండు చివర్లా ఉంటుంది. ఆలస్యంగా నేలను తాకిన విమానం తన బ్రేకులను గట్టిగా వాడుకోవాల్సి వచ్చేది సరిగ్గా అవతలి చివరి రబ్బరు మీదే. ఆలస్యానికి ఇది అదనపు వడ్డీ.

రన్‌వే ఉపరితలం మీద అడ్డంగా సన్నని గాళ్లు (గ్రూవ్‌లు) కోస్తే నీరు వాటిలోంచి పక్కకు పోతుంది. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం నడిబొడ్డున ఉన్న కొంగోన్యాస్ విమానాశ్రయంలో 2007లో రన్‌వేకు కొత్త పూత వేశారు, గాళ్లు కోయకుండానే వాడకానికి తెరిచారు. జూలై 16న ఒక చిన్న విమానం జారి పక్కకు పోయింది. మర్నాడు, జూలై 17న టామ్ సంస్థ ఎ320 ఆ 1,940 మీటర్ల రన్‌వే మీద ఆగలేకపోయింది. పక్కనే ఉన్న రద్దీ రోడ్డు మీదుగా ఎగిరి అవతలి భవనాన్ని గుద్దింది. విమానంలోని 187 మందీ, నేల మీద మరో 12 మందీ చనిపోయారు.

గాళ్లు లేని రన్‌వేనే కారణం అని చాలామంది అప్పుడు తీర్పు ఇచ్చేశారు. దర్యాప్తులో తేలింది వేరు. ఇంజిన్ తోపును ముందువైపుకు మళ్లించి విమానాన్ని నిదానింపజేసేది రివర్సర్; ఆ విమానానికి కుడి ఇంజిన్ రివర్సర్ అంతకుముందే పనిచేయకుండా ఉంది. దిగాక ఎడమ ఇంజిన్ లివర్ వెనక్కి లాగారు, కుడి ఇంజిన్ లివర్ మాత్రం ముందుకే ఉండిపోయింది. ఒక ఇంజిన్ ముందుకు నెడుతుండగా విమానం కంప్యూటర్లు ఇది ల్యాండింగ్ అని ఒప్పుకోలేదు. రెక్కల మీద పలకల్లా లేచే స్పాయిలర్లు లేవలేదు, ఆటోమేటిక్ బ్రేకులు పడలేదు. గాళ్లున్న పొడి రన్‌వే అయినా ఆ స్థితిలో ఆగడం కష్టమే. కానీ ఎండ రోజున, పొడవాటి రన్‌వే మీద అయితే ఆ పొరపాటు గమనించి సరిదిద్దుకోవడానికి కొన్ని సెకన్లు చిక్కేవేమో. పొట్టి రన్‌వే, తడి ఆ సెకన్లను ముందే లాగేసుకున్నాయి. పైలట్లు కూడా జారుతుందేమో అన్న టెన్షన్‌తోనే దిగారు.

స్పాయిలర్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేలను తాకిన తర్వాత కూడా రెక్కలు విమానాన్ని పైకి మోస్తూనే ఉంటాయి. స్పాయిలర్లు లేచి ఆ మోతను చంపేస్తేనే బరువు చక్రాల మీద పడుతుంది, బరువు పడితేనే బ్రేకులు పట్టుకుంటాయి. గాల్లో ఉండగా పొరపాటున అవి లేవకూడదు కాబట్టి విమానం నేల మీద ఉందని కంప్యూటర్‌కు రుజువు కావాలి. 1993 సెప్టెంబర్ 14న వార్సాలో దిగిన లుఫ్తాన్సా ఎ320 విషయంలో ఈ రుజువే ఆలస్యమైంది. పక్కగాలి ఉందనుకుని పైలట్లు ఒక రెక్క వంచి, కొంచెం ఎక్కువ వేగంతో దించారు. కుడి చక్రాలు ముందు తాకాయి, ఎడమ చక్రాల మీద బరువు పడడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. తడి రన్‌వే మీద చక్రాలు తిరగనూ లేదు. రెండు కాళ్ల మీదా బరువు, లేదా తిరుగుతున్న చక్రం, ఈ రెండిట్లో ఏదీ కనబడక కంప్యూటర్ స్పాయిలర్లను ఆపి ఉంచింది. విమానం రన్‌వే చివర దాటి మట్టి గట్టును గుద్దుకుంది. ఇద్దరు చనిపోయారు. రక్షణ కోసం పెట్టిన తర్కమే అడ్డం తిరిగిన సందర్భం ఇది. తర్వాత ఆ తర్కాన్ని సడలించారు.

రివర్సర్లది ఇంకో కథ. ఇవి బాగా పనిచేసేది వేగం ఎక్కువగా ఉన్నప్పుడే. నిదానించాక పెద్ద ఉపయోగం ఉండదు. 2005 డిసెంబర్ 8న మంచు కురుస్తున్న వేళ షికాగో మిడ్‌వేలో దిగిన సౌత్‌వెస్ట్ 737లో, నేలను తాకాక పది సెకన్లకు పైగా గడిచినా రివర్సర్లు తెరుచుకోలేదు. దిగే ముందు పైలట్లు లాప్‌టాప్‌లో వేసుకున్న లెక్క మాత్రం అవి వెంటనే పనిచేస్తాయన్న నమ్మకంతో వచ్చింది. విమానం కంచె దాటి రోడ్డు మీదికి వచ్చి కారును గుద్దింది. కారులోని ఆరేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ ప్రమాదం తర్వాత అమెరికాలో రన్‌వే పరిస్థితిని అంకెల్లో చెప్పే పద్ధతికి కసరత్తు మొదలైంది. ఇప్పుడు ప్రపంచమంతా 2021 నవంబర్ నుంచి సున్నా నుంచి ఆరు దాకా అదే కొలమానం వాడుతోంది. ఆరు అంటే పొడి, అయిదు అంటే తడి, నిలిచిన నీరుకు రెండు. అంతకుముందు పైలట్లకు ఎక్కువగా చేరేది ముందు దిగిన వాళ్లు చెప్పిన బ్రేకింగ్ ఫర్వాలేదు, బాగోలేదు అన్న మాటలే.

ఎవరు వద్దనాలి

ఇంతవరకు చెప్పినవన్నీ భౌతికశాస్త్రం. ఇప్పుడు అసలు చిక్కుముడి. ఈ ప్రమాదాల్లో చాలావాటికి చివరి విరుగుడు ఒక్కటే: థ్రాటిల్ ముందుకు తోసి పైకి లేవడం. దానికి రన్‌వే పొడవుతో పని లేదు, బ్రేకులతో పని లేదు. ఖర్చయ్యేది కొంత ఇంధనం, ఇరవై నిమిషాలు. అయినా స్థిరంగా లేని అప్రోచ్‌లలో, అంటే వేగమో ఎత్తో దిగే తీరో ఉండాల్సినట్టు లేకుండా రన్‌వే వైపు వచ్చే సందర్భాల్లో, దాదాపు 97 శాతం గో-అరౌండ్ లేకుండా ల్యాండింగ్ దాకా పోతున్నాయని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం చెబుతోంది. నియమం రాసి ఉంది, పైలట్లకు తెలుసు, ఏటా శిక్షణలో వల్లె వేస్తారు. అయినా మూడు శాతం మందే పాటిస్తున్నారు. ఇన్ని వేల మంది ఒకే రకం తప్పు చేస్తుంటే దాన్ని వ్యక్తుల బలహీనతగా కొట్టేయడం కుదరదు.

కోజికోడ్ కాక్‌పిట్‌లో ఆఖరి సెకన్లు ఇలా గడిచాయి. దిగే వేగం ఎక్కువైందని కో-పైలట్ గుర్తు చేశాడు. రన్‌వే మీద విమానం తేలుతూ పోతుంటే ముందు 'జస్ట్ చెక్ ఇట్' అన్నాడు. తర్వాత 'కెప్టెన్' అని ఒక్క పిలుపు. గో-అరౌండ్ అన్న మాట వచ్చేసరికి చక్రాలు నేలను తాకాయి. మొదటి రెండూ సూచనలు, ఆజ్ఞలు కావు. పెద్దవాడి ముందు చిన్నవాడు నొచ్చుకుంటూ మాట్లాడే తీరు మన ఇళ్లలో, ఆఫీసుల్లో రోజూ చూసేదే. కాక్‌పిట్‌లో దానికి సమయం లేదు. నియమం ప్రకారం కో-పైలట్ గో-అరౌండ్ అంటే నడుపుతున్న వాళ్లు ఎదురు మాట లేకుండా లేవాలి, లేవకపోతే కో-పైలట్ చేతుల్లోకి తీసుకోవాలి. ఆ రాత్రి రెండూ జరగలేదు. నివేదిక ప్రధాన కారణంగా రాసింది దీన్నే.

దీనికి వాన తప్పనిసరి కూడా కాదు. 2010 మే 22 తెల్లవారుజామున మంగళూరులో గాలి నిశ్చలంగా ఉంది, రన్‌వే పొడిగా ఉంది. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 మామూలు కన్నా బాగా ఎత్తులో వచ్చి, 8,033 అడుగుల టేబుల్‌టాప్ రన్‌వే మీద సుమారు 5,200 అడుగుల దగ్గర నేలను తాకింది. అంతకుముందు కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయినట్టు వాయిస్ రికార్డర్‌లో తెలిసింది. కో-పైలట్ గో-అరౌండ్ అని ఒకటికి మూడుసార్లు చెప్పాడు. రివర్సర్లు తెరిచాక కెప్టెన్ మళ్లీ ఎగరడానికి ప్రయత్నించడంతో చివరి అవకాశమూ పోయింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. మబ్బు చినుకు లేని ఈ ప్రమాదాన్ని కోజికోడ్ పక్కన పెడితే రెండిట్లోనూ ఉన్నది ఏమిటో తెలుస్తుంది: ఆలస్యంగా నేలను తాకడం, వినిపించీ పనిచేయని హెచ్చరిక. కోజికోడ్‌లో వాన కథను మొదలుపెట్టలేదు, మిగులు లేకుండా చేసింది.

కెప్టెన్లు ఎందుకు లేవరు? మొండితనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. కోజికోడ్ కెప్టెన్‌కు మర్నాడు పొద్దున మరో విమానం నడపాల్సిన డ్యూటీ ఉంది. ఆ రాత్రి వేరే ఊరికి మళ్లితే పనిగంటల నిబంధన వల్ల పొద్దుటి సర్వీసుకు ఆయన దొరకడు. ఆ స్థావరంలో సంస్థకు 26 మంది కో-పైలట్లు ఉంటే కెప్టెన్ ఒక్కరే ఉన్నారని నివేదిక లెక్క చెప్పింది. ఇది ఆయన నిర్ణయాన్ని ప్రభావితం చేసి ఉండొచ్చని కూడా చెప్పింది. రోస్టర్ వేసిన డెస్కు దగ్గర రన్‌వే పొడవు గురించి ఎవరూ ఆలోచించి ఉండరు. అయినా ఆ రాత్రి రన్‌వే మీద ఖర్చయిన మీటర్లలో కొన్ని ఆ డెస్కు ఖాతాలోవే.

చాలా సంస్థలు రికార్డర్ డేటా చూసి గట్టిగా దిగిన పైలట్లను పిలిచి అడుగుతాయి. దూరంగా దిగిన వాళ్లనూ అంతే శ్రద్ధగా అడగకపోతే పైలట్లకు చేరే సంకేతం ఒకటే: మెత్తగా దించు, ఎక్కడ దించినా ఫర్వాలేదు.

రన్‌వే తర్వాత ఏముంది

ఎంత జాగ్రత్తపడ్డా ఏటా కొన్ని విమానాలు రన్‌వే దాటుతూనే ఉంటాయి. దాటాక ఏం జరుగుతుందన్నది అక్కడ ఏముందన్న దాన్నిబట్టి ఉంటుంది. టొరంటోలో వాగు గట్టు, కొంగోన్యాస్‌లో ఊరు, మంగళూరులో లోయ. టేబుల్‌టాప్ అంటే గుట్ట తల చదును చేసి వేసిన రన్‌వే. మిజోరంలోని లెంగ్‌పుయ్, సిక్కింలోని పాక్యోంగ్ కూడా అలాంటివే. పొడవులో ఇతర రన్‌వేలకు తీసిపోకపోయినా, తప్పును క్షమించే చోటు వాటి చివర ఉండదు.

అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రన్‌వే చివర దాటాక ఉండే 60 మీటర్ల స్ట్రిప్ తర్వాత కనీసం 90 మీటర్ల ఖాళీ భద్రతా ప్రాంతం ఉండాలి, 240 మీటర్లు ఉంటే మంచిదని సిఫార్సు. కోజికోడ్‌లో ఆ రోజు 240 మీటర్లు ఉంది. విమానం దాన్నీ దాటి, యాంటెనాలను, కంచెను విరగ్గొట్టుకుంటూ వెళ్లి, కిందనున్న రోడ్డును 41 నాట్ల వేగంతో తాకింది. ఇంకో 480 మీటర్లు కావాలన్న మొదటి లెక్క దీంతో సరిపోతోంది: 60, 240 కలిపినా 300.

స్థలం లేని చోట్ల ఇంకో మార్గం ఉంది. చక్రాల కింద పొడిపొడి అయ్యేలా తేలికపాటి కాంక్రీటు దిమ్మెలను పరుస్తారు. చక్రాలు వాటిలో కూరుకుపోతూ విమానం ఆగుతుంది. ఈమాస్ అని పిలిచే ఈ ఏర్పాటును సాధారణంగా 70 నాట్ల వేగం దాకా ఆపేలా తయారుచేస్తారు. కోజికోడ్‌లో విమానం రన్‌వే దాటింది 84.5 నాట్లతో కాబట్టి, ఈమాస్ ఉంటే తప్పకుండా ఆగేదని చెప్పడం సులభం కాదు. కానీ అంచు దగ్గరికి వచ్చేసరికి ఉండే వేగం మాత్రం బాగా తగ్గేది. ఖర్చు ఎక్కువ, ఒకసారి నలిగాక మళ్లీ వేయాలి అన్న వాదనలు ఎప్పుడూ ఉన్నవే. అవి లోయ లేని చోట చెల్లుతాయేమో గానీ టేబుల్‌టాప్ దగ్గర అంత బలమైనవి కావు.

2016 అక్టోబర్ 27 రాత్రి న్యూయార్క్ లాగార్డియాలో వాన పడుతోంది. అప్పట్లో అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఉన్న మైక్ పెన్స్‌ను ప్రచారానికి తిప్పుతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 737, 7,001 అడుగుల రన్‌వే మీద 4,242 అడుగుల దగ్గర నేలను తాకింది. కోజికోడ్‌లో తాకిన చోటుకు కేవలం రెండు వందల అడుగుల తేడా, రన్‌వే మాత్రం ఇంకా పొట్టిది. ఇద్దరు పైలట్లలో ఎవరూ గో-అరౌండ్ అనలేదు. అక్కడి ఈమాస్ దిమ్మెల్లో కొంతదూరం కూరుకుని విమానం ఆగింది. లోపలున్న 48 మందిలో ఎవరికీ గాయం కాలేదు. అమెరికా దర్యాప్తు సంస్థ కారణంగా రాసినవి మాత్రం అవే: సరైన చోట నేలను తాకకపోవడం, తాకనప్పుడు గో-అరౌండ్ చెప్పకపోవడం.